గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు

ఏసమ్మకి ఆ బొమ్మలంటే ఒళ్ళుమంట. అరవై దగ్గరపడ్డ మనిషి కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, టేబుల్ లైటు కింద చిటికెనవేలి కణుపంత మనుషుల్ని చేసుకుంటూ కూర్చుంటే ఏ పెళ్ళానికి మాత్రం ముద్దొస్తుంది? ఉద్యోగం పోయింది. రైల్వే క్వార్టరు పోయింది. నలుగురిలో తలెత్తుకు తిరిగే పరువు పోయింది. ఇన్ని పోయినా ఈ బొమ్మల పిచ్చి మాత్రం పోలేదని ఆవిడ ఏడుపు.

జ్ఞానప్రకాశం ఇరవై రెండేళ్ళు రైల్వేలో గేట్‌మన్‌గా చేశాడు. చినలంకపాలెం అనే ఊరి మొగలో, గోదావరి గట్టుకి పోయే రోడ్డు రైలు పట్టాల్ని దాటేచోట ఆయన గేటు. ఆరేళ్ళ కిందట ఆ గేటు దగ్గరే ఒక మనిషి రైలు కింద పడి చచ్చిపోయాడు. బండి వచ్చే వేళకి గేటు తీసుంది కాబట్టి తప్పు గేట్‌మన్‌దే అన్నారు, ఉద్యోగం తీసేశారు. నాలుగేళ్ళు కోర్టు చుట్టూ తిప్పారు. ఇప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ రాజమండ్రి ఇన్నీసుపేటలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఆయన మోటార్లకి రాగితీగ చుట్టే షాపులో పనిచేస్తాడు. ఆవిడ ఇంటి ముందు కూర్చుని ఆయన్ని తిడుతుంది. అంటే నిజంగా తిట్టేది ఆయన్ని కాదు, లోకాన్ని. అయితే లోకం పలకదు కాబట్టి ఆయన్ని తిడుతుంది.

బొమ్మలు చెయ్యడం ఆయనకి కొత్త కాదు. ప్రతి క్రిస్మస్‌కీ లూథరన్ చర్చిలో పశువుల పాక కట్టేది ఆయనే. గొల్లవాళ్ళూ, గొర్రెలూ, తూర్పు దేశపు జ్ఞానులూ అన్నీ ఆయన చేతిలోనే పుట్టేవి. రాజమండ్రి వచ్చాక ఇక్కడి చర్చిలోనూ చేశాడు. అది చూసి వెతుక్కుంటూ వచ్చాడు యుగంధర్.

యుగంధర్ బ్యాంకు ఉద్యోగి. పెళ్ళీ పెటాకులూ లేవు. జీతమంతా బొమ్మ రైళ్ళకే. మేడమీద గదిలో పన్నెండడుగుల ప్లైవుడ్ బల్ల వేసి, దాని మీద పట్టాలు, స్టేషను, సొరంగం, వంతెన, కింద రంగు నీళ్ళ గోదావరి అన్నీ పెట్టాడు. రైళ్ళు ఎక్కడెక్కడి దేశాలనుంచో తెప్పించాడు, స్విచ్చి వేస్తే కూత కూస్తాయి. లేనిదల్లా మనుషులే. విదేశాల్లో డబ్బాల్లో అమ్మే మనుషులు టోపీలు పెట్టుకుని, గొడుగులేసుకుని ఉంటారు, మన స్టేషన్లో నిలబెడితే నవ్వులాటగా ఉంటుందన్నాడు. మన మనుషులు కావాలి, పంచెలు, లుంగీలు, కొప్పులు, చేపల తట్టలు కావాలన్నాడు.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. రైలు ఎంత బాగా తిరిగినా రెండు నిమిషాలు చూసి జనం పక్కకి పోతారట. పక్కన మనుషుల్ని పెడితే మాత్రం కాళ్ళు కదలవట. "ముగ్గుర్ని ఒకే వైపు చూస్తున్నట్టు నిలబెట్టండి ప్రకాశం గారూ. చూసేవాడు వంగి మరీ చూస్తాడు, వీళ్ళేం చూస్తున్నారా అని. ఒక్క మనిషిని అంగుళం జరిపితే కథ మొత్తం మారిపోతుందండి," అన్నాడు. టీ గ్లాసులు తియ్యడానికి వచ్చిన ఏసమ్మ ఆ మాట విని, మూతి మూడు వంకర్లు తిప్పి లోపలికి పోయింది. మాట మాత్రం చెవిలో ఉండిపోయింది.

ఇక మొదలైంది. షాపులో పారేసే రాగితీగ ముక్కలు తెచ్చి, మెలితిప్పి, కాళ్ళూ చేతులూ చేసేవాడు. దానిమీద ఎంసీల్ ముద్ద పెట్టి, అది గట్టిపడేలోగా సూదితో ముక్కూ మూతీ గీసేవాడు. రెండు వెంట్రుకల బ్రష్షుతో రంగులేసేవాడు. సోడాబండివాడు, కూరగాయల ముసలమ్మ, ప్లాట్‌ఫారం మీద చాప పరుచుకుని పడుకున్న కుటుంబం, బెంచీ మీద ఒకరికొకరు పెడమొహం పెట్టుకున్న మొగుడూ పెళ్ళాం. ఆ ఇద్దర్నీ చూసి ఏసమ్మకి కూడా నవ్వొచ్చింది, అయితే నవ్వినట్టు కనపడనివ్వలేదు.

తర్వాత యుగంధర్ లెవెల్ క్రాసింగ్ ఒకటి చెయ్యమన్నాడు. గేటూ, గేట్‌మన్ గదీ, ఆగిన జనమూ. ఆయనకి పాపం సంగతేమీ తెలీదు. జ్ఞానప్రకాశం కూడా చెప్పలేదు, సరేనని తల ఊపాడు.

రెండు నెలలు పట్టింది ఆ ఒక్క గేటుకి. ఒకరోజు పొద్దున్న కాగితం మీద ఆరబెట్టిన బొమ్మల్ని చూసి ఏసమ్మ చేతిలో చీపురు అలాగే ఆగిపోయింది. పాడె. నలుగురు మోసేవాళ్ళు. డప్పులవాళ్ళు ఇద్దరు. తలకి తువ్వాళ్ళు చుట్టుకున్న మగవాళ్ళు పద్నాలుగు మంది. అందరి వెనకా కట్టెలేసిన మూడు చక్రాల రిక్షా, దాన్ని పట్టుకుని నీలం చొక్కా మనిషి ఒకడు.

ఆ మనిషి గంగాధర్. చచ్చిపోయినవాడు.

ఏసమ్మ ఆ రోజు అక్కడే ఉంది. వైశాఖ మాసం, మిట్టమధ్యాహ్నం దాటింది, నిప్పులు కురుస్తున్న ఎండ. మొగుడికి క్యారేజీ తీసుకుని గేటు గదికి వెళ్ళింది. గేటు వేసి ఉంది. అవతల చేపలు పట్టుకునే సత్తియ్య తల్లి శవం ఆగింది. దారిలో పాడె దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచే దింపుడు కళ్ళం అప్పటికే అయిపోయింది. అదయ్యాక మళ్ళీ శ్మశానందాకా పాడె నేలకి తగలకూడదని వాళ్ళ పట్టింపు. మోసేవాళ్ళు భుజాలు మార్చుకుంటూ ఎండలో ఊగిపోతున్నారు. ఒక బండి వెళ్ళింది, రెండో లైను మీద ఇంకో బండి రావాలి. సత్తియ్య నిప్పుకుండ పట్టుకుని గది కిటికీ దగ్గరికొచ్చి గేటు తియ్యమన్నాడు. ఈయన తీశాడు. పాడె దాటింది, మనుషులు దాటారు. ఆఖర్న సత్తియ్య తమ్ముడు గంగాధర్ కట్టెల రిక్షా తోసుకొస్తుంటే ముందు చక్రం పట్టాల సందులో ఇరుక్కుంది. వదిలేసి రారా అని అందరూ అరిచారు. అమ్మ చితికి తెచ్చిన కట్టెల్ని ఎలా వదులుతాడు? లాగుతూనే ఉన్నాడు. బండి వచ్చేసింది.

తల్లినీ కొడుకునీ మర్నాడు పక్కపక్కన కాల్చారు.

విచారణలో ఆఫీసర్లు అడిగారు, ఎవరైనా ఒత్తిడి చేశారా అని. ఎవరూ చెయ్యలేదు, నేనే తీశాను అని రాసిచ్చాడు జ్ఞానప్రకాశం. సత్తియ్యనీ అడిగారు. మేం వచ్చేటప్పటికే గేటు తీసుంది బాబూ, దాటాం అన్నాడు సత్తియ్య. దాంతో ఊళ్ళో నోటికొచ్చినట్టు కథలు పుట్టాయి. నిద్రపోయాడన్నారు. ఫోనులో సినిమా చూస్తున్నాడన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషిని తాగున్నాడని కూడా అన్నారు. ఏసమ్మకి గుండె రగిలిపోయింది. సత్తియ్య వచ్చి అడిగాడని చెప్పండి అని ఆరేళ్ళుగా పోరుతూనే ఉంది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ఒకటే మాట అనేవాడు. "అడిగినవాడిదేముంది? తాళం నా చేతిలోది."

అప్పట్నుంచీ ఆవిడకి బతుకులో కావలసింది ఒక్కటే. చచ్చేలోగా సత్తియ్య నోటంట, నలుగురి ముందూ, అవును నేనే అడిగాను అనే మాట వినాలి. తన మొగుడు తాగుబోతు కాదు, నిద్రమొహం కాదు, శవానికి దారిచ్చిన మనిషి అని లోకం అనుకోవాలి. అంతకు మించి ఆవిడ దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు.

ఇప్పుడీ బొమ్మల్లో చూస్తే పద్నాలుగు మంది మగాళ్ళున్నారు గానీ నిప్పుకుండ పట్టుకున్నవాడు లేడు. ముందు నడవాల్సిన కర్త లేకుండా శవం ఎక్కడికి పోతుందండి? ఏసమ్మ అదే అడిగింది. ఆయన బ్రష్షు కడుక్కుంటూ, అన్నీ పెట్టక్కర్లేదులే అన్నాడు. గేటు వేసే ఉంది, అందరూ ఇవతలే ఉన్నారు, గేట్‌మన్ బొమ్మ పచ్చజెండా పట్టుకుని పట్టాల వైపు తిరిగి నిలబడింది. ఇంకా ఎవరూ చావలేదు. అలా ఉంచడానికే చేశాడని ఏసమ్మకి అర్థమైంది. అర్థమై, మరీ ఒళ్ళుమండింది.

డిసెంబరు నెలాఖరులో యుగంధర్ తన బల్లనంతా ఒక స్కూలు హాలుకి చేర్పించి, మూడు రోజులు ప్రదర్శన పెట్టాడు. శవయాత్ర పెట్టాలా అని మొదట కాస్త జంకాడు గానీ, మొదటి రోజే జనం రైళ్ళు వదిలేసి ఆ గేటు దగ్గర మూగేసరికి ఆయన మొహం చేటంత అయింది. జ్ఞానప్రకాశం పొద్దున్న షాపుకి పోయి, మధ్యాహ్నం వచ్చి ఒక మూల స్టూలు మీద కూర్చునేవాడు. హాలు తుడిచే పని ఏసమ్మ తీసుకుంది.

రెండో రోజు సాయంత్రం ఏసమ్మ చేపల మార్కెట్టుకి వెళ్ళింది. గంగాధర్ పెళ్ళాం సత్యకుమారి అక్కడ తట్ట పెట్టుకుని చేపలమ్ముతుందని ఆవిడకి తెలుసు. ఇన్నాళ్ళూ ఆ వైపు పోలేదు, ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియక. మొగుడు పోయాక సత్యకుమారి బావగారు సత్తియ్య ఇంట్లోనే ఉంటోంది. ఆడపిల్లకి ఎనిమిదేళ్ళు. సత్తియ్య ఆ పిల్లని సొంత కూతురిలాగే బడికి పంపుతున్నాడని, మరదల్ని పల్లెత్తు మాట అనడని చెప్పుకుంటారు. ఏసమ్మ రెండు కొరమీనులు బేరమాడకుండా కొని, పలానా స్కూల్లో బొమ్మ రైళ్ళు పెట్టారమ్మా, పిల్లని తీసుకురా, మీ బావగారిని కూడా రమ్మను, ప్రకాశం గారు చేశారు, మీ ఊరి గేటు కూడా ఉంది అని చెప్పింది. సత్యకుమారి కత్తిపీట మీది పొలుసులు తుడిచి, అలాగేనండి అంది.

ఆ రాత్రి ఏసమ్మ భోజనాలయ్యాక మొగుణ్ణి నిద్రపోనిచ్చి, ఆయన డబ్బా తీసింది. రాగితీగ తిప్పింది. ఎంసీల్ పిసికింది. ఆయన చేతిలో అల్లరి చెయ్యని ముద్ద ఈవిడ చేతికి అంటుకుని పీకులాడింది. తల పెద్దదైపోయింది, ఒక కాలు పొట్టిదైంది. పోనీ, అందం ఎవడికి కావాలి? తెల్ల పంచె వేసింది. నిప్పుకుండకి మినపగింజ తీసుకుని దారం కట్టి చేతికి తగిలించి, దానిమీద ఎర్రరంగు చుక్క పెట్టింది. రెండో చెయ్యి పైకెత్తించింది, అడుగుతున్నట్టు.

మూడో రోజు పొద్దున్న హాలు తుడుస్తానని అందరికంటే ముందు వెళ్ళి, ఆ బొమ్మని గేటు గది కిటికీ ముందు అంటించింది. గేట్‌మన్ బొమ్మని ఊడదీసి, పట్టాల వైపున్న మొహాన్ని కిటికీ వైపు తిప్పి పెట్టింది. పాడె మోసేవాళ్ళలో ఇద్దర్ని కూడా అటే తిప్పింది. వంగి చూసింది. యుగంధర్ చెప్పింది నిజమే. కథ మారిపోయింది. ఇప్పుడు ఎవడు చూసినా, ఒకడు అడుగుతున్నాడు, ఒకడు వింటున్నాడు అని తెలిసిపోతుంది. కొరివితో తల గోక్కుంటున్నానేమో అని ఒక్కసారి అనిపించింది గానీ, ఆరేళ్ళ కడుపుమంట ముందు ఆ అనుమానం ఎంతసేపు నిలుస్తుంది?

మధ్యాహ్నం మూడింటికి వాళ్ళొచ్చారు. సత్తియ్య బాగా చిక్కిపోయాడు. తెల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చాడు. స్టూలు మీద జ్ఞానప్రకాశాన్ని చూసి ఆగి, దణ్ణం పెట్టాడు. ఈయన లేచి నిలబడ్డాడు. ఆరేళ్ళ తర్వాత ఇద్దరూ అంత దగ్గరగా నిలబడడం అదే మొదలు. పొద్దున్నుంచీ షాపులో ఉన్న జ్ఞానప్రకాశం అప్పటికింకా గేటు వైపు చూడలేదు.

పిల్ల రైలు వెంట పరిగెత్తింది. సత్యకుమారి మాత్రం తిన్నగా గేటు దగ్గరికి పోయింది. ముందు రిక్షా చూసింది. తర్వాత నీలం చొక్కా చూసింది. వేలు చాపి, తాకకుండా, గాలిలోనే ఆ బొమ్మ వీపు నిమిరింది. "ఈ చొక్కా నేనే ఉతికానండి ఆ పొద్దున్న," అంది ఎవరితోనో. చుట్టూ ఉన్న నలుగురైదుగురికి ఏమీ అర్థంకాక పక్కకి తప్పుకున్నారు. ఇది జరుగుతుందని ఏసమ్మ లెక్కలో లేదు. ఆవిడ లెక్కలో సత్తియ్య ఒక్కడే ఉన్నాడు.

సత్యకుమారి కళ్ళు మెల్లగా జనం మీదుగా ముందుకి వెళ్ళి, కిటికీ దగ్గర ఆగాయి. పొట్టికాలు బొమ్మ. చేతిలో నిప్పుకుండ. చాలాసేపు చూసింది. నిప్పుకుండ పట్టేది కర్త ఒక్కడే, వేరే ఎవరూ పట్టరు.

"ఇది మీరే కదా బావగారూ. మీరు అక్కడెందుకున్నారు?"

సత్తియ్య దగ్గరికొచ్చి చూశాడు. జ్ఞానప్రకాశం కూడా వచ్చాడు. బొమ్మని చూడగానే ఎవరి చెయ్యో ఆయనకి తెలిసిపోయింది, ఏసమ్మ వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు. భయముంది. ఎందుకు భయమో ఆవిడకి అప్పుడు తెలీలేదు.

గబగబా ఆయనే అందుకున్నాడు. అది పొరపాటున పెట్టిందమ్మా, అక్కడెవరూ లేరు, నేనే తీశాను, కాగితంలో కూడా రాసిచ్చాను అన్నాడు. సత్యకుమారి వినిపించుకోలేదు. బావగారి మొహంలోకే చూస్తోంది. ఏసమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. చెప్పరా, చెప్పు, ఒక్కసారి చెప్పు అని లోపల్లోపల ప్రార్థన చేసింది, అది ప్రార్థనే అయితే.

సత్తియ్య భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఆయ్, నేనేనమ్మా. గేటు తియ్యమని అడిగాను. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. చెప్తే ఈ పిల్లని తీసుకుని ఎటైనా పోతావని భయమేసింది."

అయిపోయింది. ఆరేళ్ళుగా ఏసమ్మ ఎదురుచూసిన మాట వచ్చేసింది. ఆవిడకి ఏడుపొచ్చింది, మొగుడి చెయ్యి పట్టుకోబోయింది. కానీ సత్తియ్య ఇంకా ఆపలేదు.

"రెండుసార్లు అడిగానమ్మా. రెండుసార్లూ ఈ బాబుగారు కుదరదన్నారు. ఇంకో బండి ఉంది, ఆరు నిమిషాలు ఓర్చుకో సత్తియ్యా, ప్రాణాలు పోతాయి అన్నారు. సరేనని నేను వెనక్కి తిరిగాను."

"మరి తీశారు కదా," అంది సత్యకుమారి.

"ఇంక ఆ సంగతులు వద్దు సత్తియ్యా," అన్నాడు జ్ఞానప్రకాశం.

సత్తియ్య ఏసమ్మ వైపు చూశాడు. నేరం మోపుతున్నట్టు లేదు, ఎలాగూ నోరు విప్పాను కదా, మొత్తం చెప్పేస్తే తీరిపోతుందన్నట్టు ఉంది. "అమ్మగారు చెప్పారమ్మా. చచ్చినావిణ్ణి ఎండలో నిలబెట్టి ఏం మూటగట్టుకుంటారు, తీసెయ్యండి అన్నారు. అప్పుడు తీశారు."

హాలులో రైలు తిరుగుతూనే ఉంది. పిల్ల దాని వెంట చప్పట్లు కొడుతోంది.

అబద్ధం, అనబోయింది ఏసమ్మ. నోరు తెరిచింది కూడా. అంతలో గుర్తొచ్చేసింది. అంతకు ముందు లేనిది ఎక్కడినుంచి ఊడిపడిందో, మొత్తం కళ్ళముందు నిలబడింది. క్యారేజీలో గోంగూర, రొయ్యలు. మొదటి గిన్నె మూత తీసి, కంచం కడిగి, కూర్చోండి అంటే ఆయన కూర్చోలేదు. బయట ఆ డప్పులు, ఆ జనం, కిటికీ దగ్గర ఆ మనిషి. రెండు గంటలు దాటింది, ఆయన పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. అన్నం చల్లారిపోతోంది. వీళ్ళు పోతే గానీ ఈయన ముద్ద నోట్లో పెట్టడు అని విసుగొచ్చింది. అందుకని అంది. జాలిపడీ కాదు, పుణ్యం కోసమూ కాదు. విసుగుపడి, గిన్నె మీద గరిట ఉంచి, ఇంట్లో ఫ్యానెయ్యండి, తలుపెయ్యండి అన్నంత తేలిగ్గా అంది. ఆయన ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి, తాళం తీశాడు. ఆ అన్నం ఆ రోజు ఎవరూ తినలేదు.

"నిజమేనా అమ్మగారూ?" అంది సత్యకుమారి. గట్టిగా కూడా అనలేదు. "మీరన్నారా?"

చుట్టూ పదిమంది ఉన్నారు. చర్చివాళ్ళు ముగ్గురున్నారు. యుగంధర్ ఉన్నాడు. తెలిసింది పదిమందిలో చెప్పడానికేం నోరు పడిపోయిందా అని ఆరేళ్ళుగా అందర్నీ ఆడిపోసుకున్న మనిషి ఏసమ్మ. ఇప్పుడు వంతు తనకొచ్చింది. ఒక్క మాట. అన్నానమ్మా అంటే చాలు.

"నాకలాంటిదేం గుర్తు లేదమ్మా," అంది.

"ఆవిడ లేదమ్మా అప్పుడు," అన్నాడు జ్ఞానప్రకాశం వెంటనే. ఆ మాట ఆరేళ్ళుగా నాలుక చివరే పెట్టుకున్నట్టు ఎక్కడా తడబడలేదు. "క్యారేజీ ఇచ్చేసి ముందే వెళ్ళిపోయింది. సత్తియ్య ఎవరినో చూసి ఈవిడనుకున్నాడు. తియ్యాలనుకుంది నేను, తీసింది నేను."

సత్తియ్య ఆయన వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. తలొంచుకున్నాడు. "అంతేనేమోనండి," అన్నాడు. "ఆ రోజు నా కళ్ళు నాకు కనపడలేదు."

సత్యకుమారి వెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకుని గుమ్మం దాటింది. సత్తియ్య నాలుగడుగులు వెనకపడి నడిచాడు. ఆవిడ ఆగలేదు. ఆరేళ్ళు అన్నం పెట్టిన మనిషి అబద్ధమాడాడన్నది ఒకటి, ఇప్పుడా తప్పుని ఎవరో ఆడమనిషి మీదికి నెట్టబోయాడన్నది ఇంకొకటి. రెండోది నెట్టడం కాదు, నిజమేనని ఆవిడకి చెప్పాల్సిన మనిషి ఆ హాలులో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ చీపురు తీసుకుని, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

సాయంత్రం ఇంటికొచ్చాక ఏసమ్మ బియ్యం కడుగుతూ, అటు తిరిగే అడిగింది, ఇన్నాళ్ళూ మీకు గుర్తుందా అని. ఆయన కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఉంది అన్నాడు. మరి నన్నొక్క మాటైనా అనలేదేం అంది. తాళం నీ చేతిలో లేదు కదా అన్నాడు. తిడతాడేమోనని ఆవిడ చాలాసేపు చూసింది. తిట్టమని మనసులో బతిమాలుకుంది. చెంప మీద ఒక్కటి కొట్టినా ఆ రాత్రి నిద్రపట్టేది. ఆయన పచ్చడి జాడీ ఎక్కడుందని అడిగాడు.

వారం తిరక్కుండానే సత్యకుమారి పిల్లని తీసుకుని కాకినాడలో పుట్టింటికి పోయిందని తెలిసింది. మార్కెట్టులో ఆవిడ చోట ఇప్పుడు వేరే ఆవిడ కూర్చుంటోంది. సత్తియ్య ఒక్కడే ఉంటున్నాడట, పడవ కూడా తియ్యడం లేదట. ఇంకోవైపు చర్చిలో మాత్రం జ్ఞానప్రకాశాన్ని పలకరించేవాళ్ళు ఎక్కువయ్యారు. పాపం, ఆ సత్తియ్య అడిగితే తీశారటండి, ఇన్నాళ్ళూ మేమే పొరపడ్డాం అంటున్నారు. మళ్ళీ ఆ సత్తియ్య ఎంత తెలివైనవాడో చూశారా, ఆడమనిషి మీద పెట్టబోయాడు అని కూడా అంటున్నారు. ఏసమ్మ కోరుకున్న పరువు తిరిగొచ్చింది, వచ్చి ఇంటి ముందు కూర్చుంది. దాని మొహం చూడడానికి ఆవిడకే ధైర్యం లేదు.

జనవరి మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం. చేసిన తప్పులు ఒప్పుకుని రమ్మని పాస్టరుగారు పిలవగానే, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోడానికి వరసవరసగా లేచి ముందుకి వెళ్తున్నారు. ఏసమ్మ వరస వచ్చింది. పక్కవాళ్ళంతా లేచారు. ముందు వరసలోనుంచి వెళ్ళి బలిపీఠం దగ్గర మోకరించిన జ్ఞానప్రకాశం, రొట్టె అందుకునే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. ఏసమ్మ లేవలేదు. కూర్చున్నచోట కూర్చునే ఉంది. నలభై ఏళ్ళలో ఇదే మొదటిసారి.

పక్కనున్న కృపారాణి వంగి, మోకాళ్ళ నొప్పులా వదినా, చెయ్యి పట్టుకోనా అని అడిగింది.

అవునమ్మా, మోకాళ్ళే అంది ఏసమ్మ.